పసుపు పూసిన పడవ మోటరు

మా మూడు ట్రక్కులు ఏటూరునాగారం దాటి గోదావరి వైపు దిగేసరికి పొద్దున ఎనిమిదైంది. వాన ఆగలేదు. సికింద్రాబాద్‌లో బండెక్కినప్పుడు మొదలైన వాన, జనగామ, హనుమకొండ, ములుగు దాటినా టార్పాలిన్ మీద డప్పు కొడుతూనే ఉంది. స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా చీకట్లోనే వచ్చాం. మా ఊరు అక్కడికి నాలుగు మైళ్లు. బండి ఆగలేదు. నేను వెనక పలక మీద కూర్చుని, రోడ్డు పక్కన చాయ్ హోటలు దీపం కనబడినంతసేపు చూశాను. ఇంటికి పోయి ఏడాదిన్నర దాటింది. సొంత జిల్లాకు డ్యూటీ పడిందని నేను మురిసిపోతుంటే, పక్కనున్న వైర్‌లెస్ ఆపరేటర్, మదురై మనిషి, "మీ జిల్లాలో ఎప్పుడూ ఇన్ని నీళ్లుంటాయా?" అని అడిగాడు. ఎండాకాలం మా ఊరి బావిలో చెంబు కూడా మునగదని ఎట్లా చెప్పను! నవ్వి ఊరుకున్నాను.

ఎనభైల నడుమ ఒక శ్రావణమాసం అది. నేను ఇంజనీర్ల దళంలో నాయక్‌ని. మీకు సైనికుడంటే తుపాకి, మంచుకొండ, శత్రువు. మా దళం పని వేరు. వంతెన కట్టడం, మందుపాతర తీయడం, పడవ నడపడం. నా చేతికిచ్చిన ఆయుధం పడవ వెనక తగిలించే మోటరు. కళ్లకు గంతలు కట్టినా దాన్ని విప్పి బిగిస్తానని అప్పట్లో గొప్పలు చెప్పుకునేవాణ్ని. ఇప్పుడూ చెప్పుకుంటాను. ఎవరైనా పందెం కడితే ఇప్పటికీ సిద్ధమే.

రోడ్డు ఒక మామిడితోట దగ్గర నీళ్లలోకి దిగిపోయింది. ఆ తర్వాత రోడ్డు లేదు. అసలు గోదావరి అక్కడికి రెండు మైళ్ల అవతల ఉండాలి. నది పొంగి వాగును వెనక్కి నెడితే, వాగు వచ్చి పొలాల మీద పడింది. మా ముందు అర మైలు వెడల్పున ఎర్రనీళ్లు. వరి లేదు, గట్లు లేవు. తాటిచెట్ల తలలు, కరెంటు స్తంభాల కొసలు కనబడుతున్నాయి. గడ్డివాము ఒకటి విడిపోకుండా అట్లాగే తేలుతూ పోయింది. దాని మీద ఒక కోడి నిలబడి ఉంది. నీళ్లకు అవతల ఒక ఎత్తుగడ్డ. అది ఆ పల్లెవాళ్లు పంట నూర్చుకునే కల్లం. పల్లె అప్పటికే మునిగింది. మనుషులంతా కల్లం మీదికి చేరారు. దుర్భిణిలో చూస్తే నలభై మంది దాకా లెక్క తేలారు.

మా కెప్టెన్ సాబ్ పంజాబు మనిషి, మాట పొదుపు. ఒక వెదురుకర్రకు గీతలు గీయించి నీళ్లలో పాతించాడు. గంటసేపు దాన్ని చూశాడు. నీళ్లు గంటకు బెత్తెడు ఎక్కుతున్నాయి. గడ్డ అంచు ఎంత మిగిలిందో దుర్భిణిలో చూసి ఆదేశం ఇచ్చాడు.

"వెలుతురు పోకముందే ఆ గడ్డ ఖాళీ కావాలి. రేపు పొద్దున అక్కడ గడ్డ ఉండదు."

ఆ మాట అని, మిగతా జవాన్లతో ఒక పడవ, ఒక మోటరు తీసుకుని దిగువన ఇంకో పల్లె వైపు పోయాడు. మాకు మిగిలింది సుబేదార్ సాబ్, వైర్‌లెస్ ఆపరేటర్, ట్రక్కు డ్రైవరు, నేను. నడిపేవాళ్లు కాక పదిమంది పట్టే అల్యూమినియం పడవ ఒకటి. మోటరు ఒకటి.

ఆ మోటరు వంద గజాలు కూడా పోలేదు. నీటి కింద ఎవరో ఎప్పుడో నరికిన తాటి మొద్దు ఉంది. నీళ్లలోకి దిగి ఉండే మోటరు కాలు దానికి తగిలి గేర్ల డబ్బా నిలువునా పగిలింది. ఎర్రనీళ్లలో ఎంత మొనగాడి కళ్లయినా గుడ్డివే. ఇక తెడ్లు వేశాం. నలుగురం ప్రాణం పెట్టి లాగినా వడి మమ్మల్ని పుల్లలాగా ఈడ్చుకుపోయింది. దిగువన ఒక కరెంటు స్తంభాన్ని కావిలించుకుని ఆగాం. చెట్లకు తాళ్లు విసురుకుంటూ, చెట్టూ చెట్టూ పట్టుకుని తోట దగ్గరికి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అరచేతుల తోలు ఊడింది.

వైర్‌లెస్‌లో కెప్టెన్ సాబ్ గొంతు వచ్చింది. "నా మోటరు రేపటిదాకా రాదు. మబ్బులో హెలికాప్టర్ ఎగరదు. మీ దగ్గర ఉన్నదానితోనే చేయండి. ఓవర్."

మా దగ్గర ఉన్నది పగిలిన మోటరు. సుబేదార్ సాబ్ టోపీ తీసి నీళ్లు పిండుకున్నాడు. గఢ్వాల్ కొండల మనిషి, ఎన్నో చూసినవాడు. ఆయన కూడా పగిలిన గేర్ల డబ్బానే తిప్పి తిప్పి చూస్తున్నాడు.

అప్పుడొచ్చాడు కొమురయ్య. యాభై దాటిన మనిషి. ఖాకీ నిక్కరు, ఖాకీ అంగీ, చేతిలో ముడిచిన గొడుగు, మనిషి మాత్రం ముద్దగా తడిసి ఉన్నాడు. గొడుగు సర్కారుది, తడిస్తే పాడవుతుందని విప్పలేదట! దగ్గరలో ఉన్న ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. ఏ ఆఫీసో చెప్పను, అక్కడ పనిచేసినవాళ్లు ఇంకా పెన్షన్ తీసుకుంటున్నారు. ముందురోజు డ్యూటీకి వచ్చినవాడు వచ్చినట్టే ఇటువైపు చిక్కుకుపోయాడు. ఇల్లు అటువైపు.

"సార్, మా అవ్వ, మా ఇంటామె గా కల్లం మీదనే ఉన్నరు. పొద్దటిసంది సూస్తాన. మా అవ్వ తెల్ల చీర కట్టుకున్నది, గామె ఒక్కతే కూసున్నది సూడుండ్రి," అని వేలు చూపించాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా ఆఫీసుల ఒక పడవ మోటరున్నది సార్," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "నడుస్తదా కాకా?"

తెలుగు వినేసరికి నన్ను ఎగాదిగా చూశాడు. "మిలటరీల తెలుగోడివి! ఏ ఊరు బిడ్డా నీది?"

"ఘన్‌పూర్ దగ్గర."

"అరె, మనోనివే!" అని నా భుజం పట్టుకున్నాడు. అక్కడితో నాకు సార్ పోయింది, బిడ్డ మిగిలింది. "నడిపినోళ్లు లేరు బిడ్డా. ఏడేండ్లాయె అది నీళ్లు సూడక. ఎన్కటి సారు బదిలీ మీద పోయిండు, నడిపెటోడు రిటైరైండు. నేనైతే మంచిగ సూస్కున్న. ఏటేట దసరకు పూజ కూడ చేస్తాన."

ట్రక్కులో పోయి ఆ ఆఫీసు గోదాము తలుపు తీస్తే గుడి తలుపు తీసినట్టుంది. గడపకు మామిడాకులు ఎండి ఉన్నాయి. బల్ల మీద మోటరు నిలబెట్టి ఉంది. మెడలో ఎండిపోయిన బంతిపూల దండ. పైన నూనె మెరుపు. ముందర కొబ్బరి చిప్పలు. మా సుబేదార్ సాబ్ అలవాటుగా బూట్లు బయట విప్పబోయి, మళ్లీ తనను తాను చూసుకుని ఆగాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారే, ఆ సామెతకు బొమ్మ గీస్తే ఈ మోటరే. ఏడేళ్లుగా నీటిచుక్క ఎరగదు, కానీ అలంకారానికి లోటు లేదు.

దాన్ని ట్రక్కులో వేసుకుని తోట దగ్గరికి తెచ్చాం. తోట రైతు ఇంటి ముందర గొడ్ల కుడితి గోలెం ఉంది. కుడితి పారబోసి, నీళ్లు నింపి, దాని పక్కన రెండు మంచాలు నిలబెట్టి టార్పాలిన్ కప్పాం. అదే నా వర్క్‌షాపు.

పెట్రోలు ట్యాంకు అడుగున పాత పెట్రోలు తుమ్మజిగురులాగా గట్టిపడి ఉంది. గీకి పారేశాను. కార్బురేటర్ విప్పి కిరోసిన్‌లో కడిగి, సన్న రంధ్రాలను నోటితో ఊదాను. నోరంతా కిరోసిన్. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లకు పచ్చ చిలుము పట్టింది. అగ్గిపెట్టె పక్క గరుకు చించి దానితో రుద్దాను. పగిలిన మా మోటరు ప్లగ్గు దీనికి సరిపోయింది, అదొక్కటే సరిపోయింది. లాగే తాడు చివికిపోయి ఉంటే టెంటు తాడు కట్టాను. ఇవన్నీ నాకు తెలిసిన రోగాలే. నాకు భయమంతా పిస్టన్‌ది. ఏడేళ్లు కదలని పిస్టన్ తుప్పుపట్టి సిలిండర్ గోడకు అతుక్కుపోతుంది. అట్లా అతుక్కుంటే దాన్ని విడిపించడానికి రెండు రోజులు కావాలి. మాకు ఉన్నది ఆ సాయంత్రం.

చక్రం మీద చేయివేసి, ఊపిరి బిగబట్టి తిప్పాను. వెన్నలో వేలు పెట్టినట్టు సాఫీగా తిరిగింది.

నమ్మలేదు. ప్లగ్గు తీసిన రంధ్రంలో వేలు పెట్టి చూస్తే చిక్కటి నూనె అంటింది. వాసన చూశాను. ఆముదం.

"కాకా, ఇందులో ఆముదం పోసింది ఎవరు?"

"నేనే బిడ్డా. నడిపెటోడు పొయ్యేటప్పుడు ఒక్కటే చెప్పిండు, దీనికి నూనె తగ్గనియ్యకు, జర తిప్పుతుండు అని. గందుకే ఏటేట దసరకు తానం చేసి, ఆముదం పోసి, చక్రం ఇరవై ఒక్కసారి తిప్పి హారతిస్తాన."

నేను కొమురయ్య చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాను. ఏ కంపెనీ నిపుణుడు వచ్చినా ఆ పిస్టన్‌ను అంతకంటే బాగా కాపాడలేడు. సుబేదార్ సాబ్‌కు హిందీలో చెబితే, ఆయన పొద్దుటినుంచి మొదటిసారి పళ్లు కనిపించేట్టు నవ్వాడు.

పెట్రోలులో నూనె కలిపి పోసి, మోటరును గోలెంలోకి దించి తాడు లాగాను. దగ్గింది. మళ్లీ లాగాను. తుమ్మింది. భుజం ఊడి వస్తుందేమో అనేదాకా లాగాను. ఒక్కసారిగా తెల్లటి పొగ తన్ని మోటరు అందుకుంది. గోలెంలో నీళ్లు సుడి తిరిగి మా మోకాళ్లదాకా చిమ్మాయి. ఆ పొగకు ఆముదం దీపం వాసన. కొమురయ్య చేతులు జోడించాడు. డ్రైవరు ఈల వేశాడు. వైర్‌లెస్ ఆపరేటర్ సెట్టు వదిలి పరుగెత్తుకొచ్చాడు. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే అంగీ గుండీలు తెగాలి.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. పది లెక్కపెట్టేలోపు నేనే మోటరు ఆపేశాను. ధార రాలేదు.

మీకు చెప్పాలి. ఈ మోటరు చుట్టూ ఉన్న నీళ్లతోనే తన ఒళ్లు చల్లబరుచుకుంటుంది. కింద కాలి దగ్గర చిన్న చీలికలు ఉంటాయి. వాటిలోంచి నీళ్లు పీల్చి, ఒళ్లంతా తిప్పుకుని, వెనక శనగగింజంత రంధ్రంలోంచి సన్నటి ధారగా బయటికి వదులుతుంది. మోటరు నడిపేవాడి కన్ను ఎప్పుడూ ఆ ధార మీదే ఉంటుంది. అది రాలేదంటే లోపల నీళ్లు తిరగడం లేదు. కాసేపటికే ఇంజను కాలి బిగుసుకుపోతుంది, ఇక తాడు కాదు కదా ఏనుగు లాగినా కదలదు.

"పంప్ గయా," అన్నాడు సుబేదార్ సాబ్, పంపు పోయిందని. నీళ్లు పీల్చే ఆ పంపులో రబ్బరు చక్రం ఒకటి ఉంటుంది. ఏడేళ్లకు ఎండి రాలిపోయి ఉంటుందని ఆయన లెక్క. నా లెక్కా అదే. విప్పుదామంటే కాలి బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. బలవంతం చేస్తే విరుగుతాయి. లోపల రబ్బరు పోయి ఉంటే కొత్తది తేవడానికి హైదరాబాదు పోవాలి.

ఆయన వెదురుకర్ర వైపు చూశాడు. మూడు దాటింది. గడ్డ మీద మనుషులు అంచు వదిలి నడుమకు జరిగారు.

"నడిచినంతసేపు నడుపు. ఒక్క ట్రిప్పు వచ్చినా పదిమంది," అన్నాడు.

"నడి వాగులో బిగుసుకుపోతే సాబ్? ఆ పదిమందిని మనమే ముంచినట్టు."

సైన్యంలో సుబేదార్‌కు నాయక్ ఎదురు చెప్పడం చిన్న సంగతి కాదు. ఆయన ముఖం ఎర్రబడింది. కానీ మోటరు సంగతి నాకు తెలుసు. "పావుగంట ఇవ్వండి సాబ్," అన్నాను.

"పావుగంటే," అన్నాడు.

గోలెం ముందు గొంతుక్కూర్చున్నాను. ఏం చేయాలో తెలియదు. ఊరికే నీళ్లను చూస్తున్నాను. నింపినప్పుడు అవి బావినీళ్లు, తేటగా ఉన్నాయి. ఇప్పుడు పచ్చగా ఉన్నాయి. తలంటు పోసుకున్న పెళ్లికూతురి నీళ్లలాగా పచ్చగా ఉన్నాయి. మోటరు కాలిని పైకెత్తి చూశాను. కింది భాగమంతా ఒకే రంగు పసుపు. ఇందాకటినుంచి అది సర్కారు పెయింటు అనుకుంటున్నాను నేను! గోరుతో గీరితే పెచ్చు ఊడింది.

"కాకా, దీనికి పసుపు ఎక్కడెక్కడ పూసినవ్?"

కొమురయ్య ఉత్సాహంగా దగ్గరికి వచ్చాడు. పూజ గురించి అడిగితే ఎవరు చెప్పరు! "నెత్తి మీద కుంకుమ. ఎనుక గీ చిన్న బొక్క ఉన్నది సూడు, గిది నొసలు లెక్కనే ఉన్నది గద, గీడ గంధం పెట్టి బొట్టు పెడుత. కింద పాదాలకు పసుపు. ఆడదేవత గద బిడ్డా, పాదాలకు పసుపు లేకుంటే ఎట్ల? మంచిగ దండిగ రుద్దుత. గీ సందులల్ల గూడ వేలు పెట్టి రుద్దుత."

ఆ సందులే నీళ్లు పీల్చే చీలికలు. ఆ నొసలే ధార వచ్చే రంధ్రం. ఏడు దసరాల పసుపు, ఏడు దసరాల గంధం, కుంకుమ. ఒకదాని మీద ఒకటి ఎండి ఇటుకముక్కలాగా గట్టిపడ్డాయి.

నాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. పంపు చావలేదు, పాపం దాని నోరూ ముక్కూ మూసేశారు, అంతే. సుబేదార్ సాబ్‌కు హిందీలో చెప్పేసరికి ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ పక్కకు చూస్తే కొమురయ్య నవ్వడం లేదు. గోలెం అంచు పట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు లేదు.

"అంటె నేనే మూసిన్నా బిడ్డా? నా చేతులతోటి నేనే... మా అవ్వ ఆడ..."

నవ్వినందుకు సిగ్గేసింది. లేచి ఆయన రెండు భుజాలు పట్టుకున్నాను. "కాకా, నువ్వు ఆముదం పొయ్యకుంటే ఇయ్యాల ఈ మోటరు ఇనుపముద్ద. నేను కాదు కద, మా జనరల్ సాబ్ వచ్చినా నడవకపోయేది. పసుపుదేమున్నది, నీళ్లతోటి పోయేదే. ఫికర్ చెయ్యకు. ముందుగల వేడినీళ్లు తేపో."

ఆయన పరుగెత్తాడు. రైతు ఇంట్లో పొయ్యి మీద బియ్యానికి పెట్టిన ఎసరు ఉంటే గిన్నెతో సహా ఎత్తుకొచ్చాడు. వెనకాల ఆ ఇంటామె అరుస్తూనే ఉంది. మోటరు కాలిని ఎసట్లో నానబెట్టాం. సైకిలు పుల్ల ఒకటి నేను తీసుకున్నాను, పిన్నీసు ఒకటి ఆయన తీసుకున్నాడు. పని మొదలుపెట్టే ముందు కొమురయ్య మోటరుకు చెంపలేసుకున్నాడు. తర్వాత ఎంత ఓపికగా పూశాడో అంతకంటే ఓపికగా ఒక్కో చీలికను తొలిచాడు. పసుపు పెచ్చులు గిన్నెలో పడుతుంటే ఆయన పెదవులు కదులుతున్నాయి. మంత్రమో, అవ్వ పేరో నాకు తెలియదు. వెనక రంధ్రాన్ని నేను పొడిచాను. గంధం బిరడా లాగా ఊడి వచ్చింది.

మళ్లీ గోలెంలోకి దించాం. ఈసారి రెండు లాగులకే అందుకుంది. రంధ్రం వైపు అందరం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. ముందు పచ్చటి చుక్క ఒకటి పడింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత సన్నటి పసుపు ధార ఎగిరి సుబేదార్ సాబ్ ఛాతీ మీద పడింది. ఆయన జరగలేదు. అట్లాగే నిలబడి, ధార తేటబడేదాకా తడిశాడు.

"శాబాష్," అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే.

నాలుగు కావస్తుండగా నీళ్లలోకి దిగాం. మోటరు మీద నేను, ముందర కొక్కెం కర్రతో డ్రైవరు, నడుమ ఒళ్లో చిన్న వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని కొమురయ్య. ఆయన్ను ఎక్కించుకోవడం నా పట్టుదల. నీళ్ల కింద ఉన్న ఊరు ఆయనకు కళ్లకు కట్టినట్టు తెలుసు. "ఎడమకు బిడ్డా, గీడ మోటబాయి ఉన్నది. ఇగ సీద పో. ఆగు ఆగు, మల్లయ్య తాటిచెట్లు గీ మూలకే, ఎన్కటేడు నరికిండ్రు, మొద్దులున్నయి." పొద్దున మా మోటరును మింగిన మొద్దును కూడా ఆయనే చూపించాడు. నడి వడిలో మోటరు కింద తిరిగే రెక్కకు గడ్డి చుట్టుకుంది. నేను మోటరు ఎత్తితే డ్రైవరు వెనక్కి వచ్చి కొడవలితో కోశాడు, నేను తాడు లాగాను. ఒక్క లాగుకే అందుకుంది. ఆ మోటరుకు అప్పుడు ముద్దు పెట్టాలనిపించింది, నిజం చెబుతున్నాను.

వైర్‌లెస్‌లో సుబేదార్ సాబ్ నిమిషానికోసారి అడుగుతున్నాడు. "నీళ్లు వస్తున్నాయా? ఓవర్."

"వస్తున్నాయి సాబ్. ఓవర్." చుట్టూ గోదావరి ఉండగా నీళ్లు వస్తున్నాయా అని అడిగి, వస్తున్నాయంటే సంతోషపడే మనుషులం ప్రపంచంలో మేమే అయ్యుంటాం.

గడ్డను తాకేసరికి నాలుగు బారల వెడల్పు నేల మాత్రమే మిగిలి ఉంది. జనం మీద పడతారని, పడవ తిరగబడుతుందని భయపడ్డాను. అట్లా జరగలేదు. కొమురయ్య తల్లి ముందరికి వచ్చింది. చిన్న ప్రాణం, తెల్ల చీర, చేతిలో కర్ర. పడవలో కాలు పెట్టబోయి మోటరును చూసింది. ఎంత కడిగినా దాని ఒంటి మీద పసుపు పోలేదు. ముసలామె ఆగి, చెప్పులు విడిచి, మోటరు వైపు దండం పెట్టింది.

"అవ్వా, చెప్పులు తొడుక్కోనే ఎక్కు! టైం లేదు!" అని అరిచాను.

"గంగమ్మ తల్లి పసుపుతోటి వచ్చింది, చెప్పులతోటి ఎక్కుతర్రా?" అని నన్నే కసిరింది. ఆమె విడిచాక ఇంకెవరు ఆగుతారు! వెనకవాళ్లంతా విడిచారు. కిర్రు చెప్పులు, టైరు చెప్పులు, పిల్లల హవాయి చెప్పులు. చంకల్లో పిల్లలు, చేతుల్లో ముసలివాళ్లు, సామాను ఎక్కించవద్దని మా ఆర్డరు. చెప్పులు పట్టుకునే చెయ్యి ఎవరికీ లేదు.

కొమురయ్య భార్య ఎక్కి కూర్చుని మోటరును, మొగుణ్ని మార్చి మార్చి చూసింది. "ఇంట్ల ఉన్న పసుపంత తీస్కపొయ్యి పూసింది గీ ఇనుప దానికేనా?"

"గిదే," అన్నాడు కొమురయ్య నేల చూపులు చూస్తూ.

"పోనియ్ తీ. వచ్చే దసరకు నేనే నూరిస్త," అని, కొంగు నోట్లో కుక్కుకుని భోరుమని ఏడ్చింది.

నాలుగు ట్రిప్పులు వేశాం. ఒకామె కోడిని కొంగులో దాచి తెచ్చింది, నేను చూడనట్టే ఊరుకున్నాను. చివరి ట్రిప్పు ఒడ్డును తాకేటప్పటికి ఇంకా మనిషి ముఖం ఆనవాలు పట్టేంత వెలుతురు ఉంది. తలలు లెక్కపెట్టి వైర్‌లెస్ ఆపరేటర్ కెప్టెన్ సాబ్‌కు చెప్పాడు. "గడ్డ ఖాళీ. అందరూ క్షేమం. ఓవర్." అవతల నుంచి గరగరల నడుమ, "మోటరు ఎక్కడ దొరికింది? ఓవర్," అని ప్రశ్న వచ్చింది. ఆపరేటర్ నా వైపు చూశాడు. నేను సెట్టు తీసుకుని, "పూజగదిలో సాబ్," అన్నాను. ఆయనకు ఆ జవాబు అర్థం కాలేదు, మేమూ చెప్పలేదు.

ఆ తర్వాత నీళ్లు తీసేదాకా ఆ మోటరు మా దగ్గరే పనిచేసింది. ఒక్కరోజు మొరాయించలేదు. బియ్యం మోసింది, మందులు మోసింది. వెళ్లేనాడు శుభ్రం చేసి, ఆముదం పోసి కొమురయ్యకు అప్పగించాను. "కాకా, బొట్టు నెత్తి మీద ఒక్కటే పెట్టు. పాదాలు ముట్టకు," అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు. మా ట్రక్కు కదులుతుంటే గొడుగు విప్పి ఊపాడు. ఆరోజు వాన లేదు.

తిరుగుదారిలో కెప్టెన్ సాబ్ నన్ను స్టేషన్ ఘన్‌పూర్‌లో దింపి, మర్నాడు సాయంత్రం బండికి రమ్మన్నాడు. ఇంట్లో మా నాయన మంచంలో లేచి కూర్చున్నాడు. బావి మీద ఆయిల్ ఇంజను నడిపి నడిపి చెవులు మందగించిన మనిషి. ఊరివాళ్లంతా చేరి బార్డరు సంగతులు, తుపాకుల సంగతులు అడిగారు. నేను మోటరు కథ చెబితే సగంమంది మధ్యలోనే లేచి పోయారు. మా నాయన మాత్రం చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఇంజన్ షురువైనంక దార ఎంత లావు వచ్చింది రా?" అని అడిగాడు.

చిటికెన వేలు చూపించాను. ఆయన తృప్తిగా తలూపి, మా అమ్మతో, "ఈనికి పని వచ్చింది," అన్నాడు. నా సర్వీసులో రెండు పతకాలు వచ్చాయి. ఆ మాట వాటికంటే పైన.

ఆ తర్వాత ఎన్నో చోట్ల పనిచేశాను, ఎత్తుకొండల్లో చలికి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అవన్నీ ఇప్పుడు మసకబారాయి. మసకబారనిది ఒక్కటే ఉంది. చివరి ట్రిప్పులో పడవ మలుపుతూ వెనక్కి చూశాను. కల్లం మీద మనిషి లేడు. అంచున, పెళ్లింటి గడప ముందు విడిచినట్టు, చెప్పులు వరుసగా ఉన్నాయి. నీళ్లు వచ్చి ఆ వరుసను అందుకున్నాయి. ముందు పిల్లల హవాయి చెప్పులు లేచాయి. తర్వాత టైరు చెప్పులు, ఆ తర్వాత ముసలామె కిర్రు చెప్పులు. జతలు జతలుగానే, ఒకదాని వెనక ఒకటి, మెల్లగా గోదావరి వైపు కదిలిపోయాయి. నేను మోటరు హ్యాండిల్ పట్టుకుని, మా పడవలో ఉన్న ఉత్త కాళ్లను ఒక్కొక్కటే చూశాను. ఆ చెప్పుల్లో ఉండాల్సిన కాళ్లన్నీ ఇటువైపే ఉన్నాయి.